ప్రధానం నాటి కరెంటు

రాయపూర్ విద్యుత్ కంట్రోల్ రూమ్‌లో కూర్చుందన్నమాటే గానీ, జెస్సీ ప్రాణమంతా ఇంటి దగ్గరే ఉంది. ఆ సాయంత్రం చెల్లెలు రేచల్‌కి ప్రధానం, ఉంగరాలు మార్చుకునే నిశ్చితార్థం. తోటి ఉద్యోగి వివేక్ జ్వరంతో మంచం ఎక్కడంతో ఈవిడగారి సెలవు కాస్తా గాలికి పోయింది. అక్కడ తండ్రి ఏలియా, కరెంటాఫీసు అమ్మాయి ఉన్న ఇంట్లో కరెంటు పోతుందా అంటూ చర్చి వాళ్లందరి దగ్గరా ఒకటే గొప్పలు.

దీపాలు పెట్టే వేళకు ఎక్కడో బొగ్గు ప్లాంటులో పెద్ద యూనిట్ ఒకటి ఆగిపోయింది. వాడకం పెరిగే వేళ, వచ్చే కరెంటు తగ్గింది. గోడ మీద యాభై దగ్గర నిలవాల్సిన ఫ్రీక్వెన్సీ అంకె కిందికి జారసాగింది. మరీ జారితే ఏదో ఒక పేటకు కరెంటు తీసెయ్యాలి. ఆ రోజు వంతు తమ కాలనీదే.

వంతు మార్చేస్తే అడిగే నాథుడు లేడు. పక్క కాలనీ పేరు మీదికి చూపు పోయింది కూడా. అక్కడ మాత్రం ఎవరింట్లో ఏ శుభకార్యం ఉందో! తన మీద తనకే చిరాకేసి, తమ కాలనీ లైనే సిద్ధంగా ఉంచమని సబ్‌స్టేషన్‌కి చెప్పేసింది. వెంటనే డ్యామ్‌కి ఫోన్ కలిపింది. అక్కడ డ్యూటీలో ఉన్నది పరదేశి, శ్రీకాకుళం మనిషి.

"బాబాయ్, మెషీన్ తిప్పండి, జల్దీ."

"నీళ్లు వదిలేసినానమ్మా, తిరుగుతోంది. గ్రిడ్‌తో స్పీడు కలిసేదాకా ఆగాల. ముందే కలిపేస్తే మెషీను పోద్ది."

బొగ్గు యూనిట్ మళ్లీ లేవాలంటే గంటలు పడుతుంది. నీళ్ల మెషీన్‌కి నిమిషాలు చాలు. ఆ నిమిషాలే జెస్సీకి గడవలేదు. ఈపాటికి పాస్టరుగారు ఉంగరాల దాకా వచ్చి ఉంటారు. అంకె ఇంకా జారుతూనే ఉంది. ఆమె రెండో చెయ్యి సబ్‌స్టేషన్ ఫోన్ మీదే ఉంది.

"కలిసిపోయిందమ్మా. ఎంత లోడు ఎత్తమంటావు?"

"పూరా ఎత్తెయ్యండి బాబాయ్."

నీళ్లు పుట్టించిన ఆ కరెంటు హైటెన్షన్ తీగల మీదుగా ఊరిని అందుకుంది. అంకె ఆగింది, కాసేపటికి మెల్లగా పైకి పాకింది. లైను తీయక్కర్లేదని సబ్‌స్టేషన్‌కి చెప్పి, జెస్సీ కుర్చీలో చిన్నపిల్లలా కాళ్లూపింది. అంత సంతోషం ఆమెకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా కలగలేదు.

అంతలో తల్లి రత్నకుమారి ఫోన్. వెనకాల కూలర్ల హోరు, పాటలు, నవ్వులు. ఉంగరాలు మార్చుకోవడం కూడా అయిపోయిందట.

"అన్నీ బాగా జరిగాయి గానీ, నువ్వొక్కదానివే లేవే," అంది తల్లి.

జెస్సీకి నవ్వూ వచ్చింది, కళ్లల్లో నీళ్లూ తిరిగాయి.

"లేకపోవడమేంటమ్మా? ఇందాకట్నుంచీ అక్కడే ఉన్నాను."