క్యాబిన్లో దోసతీగ

పొద్దున్నే భార్య ఇచ్చిన డబ్బా అందుకుని, షెడ్డుకెళ్ళి, టైర్లని ఓ తన్ను తన్ని చూసి లారీ ఎక్కడం సుడిగాలికి అలవాటు. సుడిగాలంటే ఆషామాషీ డ్రైవరు కాదు. అతను హారను కొడితే ఎదురుగా ఉన్న కొండ ఓ అడుగు పక్కకి జరిగేది. అలాంటివాడు వేపుడు వాసనకి మాత్రం పిల్లిపిల్లయిపోయేవాడు. దారిలో హోటలు కనిపిస్తే బ్రేకు దానంతటదే పడేది.

కంపెనీ డాక్టరు తేల్చి చెప్పేశాడు. "ఒంట్లో చెరకుతోట పెంచుతున్నావయ్యా. వచ్చే పరీక్షకి చక్కెర దిగకపోతే స్టీరింగు వదిలేసి గోదాములో బస్తాలు చూసుకో."

అప్పట్నించి భార్య డబ్బాలో కీరదోస ముక్కలు, ఉడికించిన బొబ్బర్లు, జామకాయలు పెట్టేది. "నేనేమన్నా మేకనా" అని గొణుక్కుంటూ సుడిగాలి వాటిని సీటు వెనక్కి విసిరేసేవాడు. సాయంత్రం ఖాళీ డబ్బా చూపించి, "అమృతమే అనుకో" అనేవాడు.

సీటు వెనక అవి మొలిచాయి. ఉడికినవి కూడా మొలిచాయి. వారం తిరక్కుండా దోసతీగ క్యాబినంతా అల్లుకుంది, జామకొమ్మ కిటికీలోంచి బయటికి తొంగిచూసింది. షెడ్డు కాపలావాడు "పూత బాగుంది బాబాయ్" అంటూ గేటు తీశాడు. మెకానిక్కు మాత్రం, "రేడియేటరు వేడెక్కనివ్వకు, తీగ వేళ్ళు మాడతాయి" అన్నాడు.

ఆ రోజు హోటలు ముందు ఆపితే లారీ తలుపు తెరుచుకోలేదు. తీగ పిడిని చుట్టేసుకుంది. కొండల్ని జరిపినవాడు దోసతీగని కదపలేకపోయాడు.

"తమ్ముడూ, ఓ ప్లేటు వేపుడు ఇటందించు" అని కిటికీలోంచి పిలిచాడు.

సర్వరు వచ్చి తీగ వంక చూశాడు. "అది ఒప్పుకోదన్నా. కాయ కోసుకుని తిను."

ఆకలి ఏనుగంతయింది. తీగ ఓ లేతకాయని సరిగ్గా ముక్కు ముందుకి దించింది. తిన్నాడు. ఆ కరకరకి రోడ్డు మీది కాకులన్నీ లేచిపోయాయి. ఆ తర్వాత ఏ హోటలు దగ్గరైనా ఇదే తంతు. పెట్రోలు బంకులో మాత్రం తలుపు మర్యాదగా తెరుచుకునేది.

పరీక్ష రోజున డాక్టరు కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. "చక్కెర దిగింది. బండి నడుపుకో. ఏం చేశావయ్యా?"

"నేనేం చెయ్యలేదండీ. లారీ తలుపు తెరుచుకోలేదు, అంతే."

సుడిగాలి వదిలిన నిట్టూర్పుకి గదిలో కాగితాలన్నీ కప్పుకి అంటుకున్నాయి.

ఆ వేళ లారీని షెడ్డులో పెట్టకుండా తిన్నగా ఇంటికే తెచ్చాడు. వాకిట్లో ఆగగానే తీగ తనంతట తనే పిడి వదిలింది. భార్య ఎక్కి, పాదుల్ని, కాయల్ని, జామకొమ్మని తీరిగ్గా చూసింది.

"అయితే నేనిచ్చిన అమృతమంతా ఇక్కడుందన్నమాట."

సుడిగాలి తల గోక్కున్నాడు. "ఉద్యోగం నిలబడిందే."

ఆమె ఓ దోసకాయ తెంపి, విరిచి, పెద్దముక్క అతనికిచ్చింది. "మరి రేపు డబ్బాలో ఏం పెట్టను?"

"ఏదైనా పెట్టు. పారెయ్యడానికి ఇంక చోటు లేదు."