కన్నప్ప ఉలి పొడవు

వయసెంత అని ఎవరైనా అడిగితే మునిరత్నమ్మకు ఒళ్ళు మండుతుంది. ఓటర్ల లిస్టులో యాభై, రేషన్ కార్డులో అరవై రెండు; రాసినవాడి చేతికి ఏది తోస్తే అది. గుడియాత్తం కొండ కింద రాళ్ళు కొట్టి బతికేవాళ్ళకు ఆ కాగితాలతో పనేముంది? వాళ్ళకు వయసంటే ఉలి.

కొడుకు పనిలోకి దిగే రోజున తండ్రి వాడికి జానెడున్నర ఉలి ఇస్తాడు. మోటు పనికి ఎన్ని ఉలులైనా మారతాయి కానీ, ప్రతి రాయికీ ఆఖరి అంచు మాత్రం ఆ ఉలితోనే తియ్యాలి. మొద్దుబారినప్పుడల్లా కొలిమిలో కాల్చి మొన తీరుస్తారు, తీర్చినప్పుడల్లా అది కొంచెం పొట్టిదవుతుంది. బెత్తెడుకు వచ్చిందంటే మనిషి నిండు బతుకు బతికినట్టు. పోయినప్పుడు దాన్ని చేతిలో పెట్టి పూడుస్తారు. నాలుగు వేళ్ళ కంటే పొడుగుంటే మాత్రం మట్టిలో పెట్టరు, అర్ధాయుష్షు మనిషని ఒట్టి చేతులతోనే సాగనంపుతారు. మునిరత్నమ్మ మొగుడు బెత్తెడు ఉలితో దర్జాగా పోయాడు.

కొడుకు కన్నప్పది జానెడు దగ్గర ఆగింది. నల్లరాయి విదేశాలకు పోవడం మొదలైన కాలం అది. ఊరి బయట రాళ్ళు కోసే ఫ్యాక్టరీ వచ్చింది, కన్నప్ప మిషన్ దగ్గర చేరాడు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమ్మలతో సహా తెల్లగా, పిండిమరలో పడి లేచినట్టుండేవాడు. మూడేళ్ళకు దగ్గు పట్టుకుంది.

"అమ్మా, ఈ పని మానుకుంటా. ఊపిరాడటంలా" అన్నాడొక రోజు.

మునిరత్నమ్మ గోడ గూట్లోంచి అతని ఉలి తీసి కొలిచింది. "జానెడుండాది రా నీ వయసు. ఉలి ఇంత పొడుగున్నప్పుడు మీ నాయన ఒక్కడే బండలెత్తినాడు. దుమ్ములో ఉంటే దగ్గు రాదా? ఒన్నుం ఆగాదు, ఏమీ కాదు, పో నాయనా."

తల్లి మాట కన్నప్ప ఎప్పుడు కాదన్నాడు గనక? వెళ్ళాడు. ఇంకో రెండేళ్ళు వెళ్ళాడు.

నాలుగడుగులు వేస్తే ఆయాసపడే స్థితికి వచ్చాక వేలూరులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళింది. చీటీ రాసే చోట వయసడిగారు. "ముప్పై నాలుగు" అన్నాడు కన్నప్ప. రాసేవాడు తలెత్తి అతని ముఖం చూసి, మళ్ళీ అడిగాడు.

డాక్టరమ్మ ఛాతీ ఫిల్మును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. చిత్తూరు రోగులతో మాట్లాడి నేర్చుకున్న తెలుగులో మెల్లగా చెప్పింది. "లోపలంతా రాతి దుమ్మే అమ్మా. మనిషికి ముప్పై నాలుగు, ఊపిరితిత్తులకు ఎనభై. అవి మళ్ళీ బాగుపడవు. దీనికి మందు లేదు."

"ఎవురు చెప్పినారు?" మునిరత్నమ్మ కొంగుముడి విప్పి ఉలి బల్లమీద పెట్టింది. "చూడు తల్లీ, జానెడుండాది. వాడికి ఇంకా సగం బతుకుండాది."

డాక్టరమ్మ నవ్వలేదు. ఉలి సంగతంతా విని, చేత్తో తిప్పి చూసింది. మొన తుప్పు పట్టి ఉంది. "దీన్ని ఆఖరిగా ఎప్పుడు వాడినారు?"

"మిషన్లో చేరకముందు" అన్నాడు కన్నప్ప. "అయిదేండ్లయింది."

మునిరత్నమ్మ ఉలిని చూసింది, కొడుకును చూసింది. అయిదేళ్ళుగా ఉలి గూట్లో హాయిగా పడుకుంది, బిడ్డ అరిగిపోయాడు. ఊపిరాడటం లేదని బిడ్డ నోరు తెరిచి చెబితే తాను పోయి ఇనుమును కొలిచింది.

తిరుగు బస్సులో పళ్ళికొండ దాటాక కన్నప్ప తల్లి భుజానికి ఆనుకుని, "నాకు ఎనభై అంట. ఇంక నువ్వు నన్ను తాతా అనాల" అన్నాడు. నవ్వబోతే దగ్గొచ్చింది. మునిరత్నమ్మ కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

మర్నాటి నుంచి వాకిట్లో ఒక బండ వేసుకుని కూర్చుంది. కన్నప్ప ఉలితో ఆ బండను కొట్టడం, మొద్దుబారితే కొలిమికి పరుగెత్తడం. బిడ్డ ఒట్టి చేతులతో పోకూడదు, అదే ఆమె పట్టుదల. అరచేతులు బొబ్బలెక్కి చితికిపోయాయి. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లి మరీ కొట్టేది. ఆ నీళ్ళు చల్లే బుద్ధి ఫ్యాక్టరీవాడికి ఉండి ఉంటే ఈ కథే లేదు.

"ఎందుకమ్మా ఈ పాట్లు?" అని లోపల్నుంచి అడిగేవాడు కన్నప్ప.

"పండుకో నాయనా."

నాలుగు నెలలు కొట్టింది. చావుతో పందెం వేసి గెలిచినవాళ్ళెవరు? ఆడి మాసంలో, ఆషాఢపు గాలులప్పుడు, కన్నప్ప పోయాడు.

గుంట దగ్గర పెద్దమనిషి నాగలింగం ఉలి తీసుకుని దానికి నాలుగు వేళ్ళు ఆనించాడు. ఇంకా రెండు వేళ్ళ మేర బయటికి మిగిలింది. ఆయన ఆ తల్లి చేతుల వంక చూశాడు. మెల్లగా వేళ్ళు ఎడం చేసి, "బెత్తెడే. సరిపోయిండాది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అవునన్నట్టు తలలూపారు.

"వేళ్ళు దగ్గరికి పెట్టు అన్నా" అంది మునిరత్నమ్మ.

"సరిపోయింది లేమ్మా."

"దగ్గరికి పెట్టి కొలువు. తప్పుడు కొలతతోనే నా బిడ్డను దుమ్ములోకి తోలినా. ఇంకోసారి వద్దు."

నాగలింగం వేళ్ళు దగ్గరికి చేశాడు. రెండు వేళ్ళ ఇనుము మిగిలింది. మునిరత్నమ్మ ఉలి అందుకుని కొంగున ముడేసుకుంది. కన్నప్పను ఒట్టి చేతులతోనే పూడ్చారు.