అత్తయ్య బరువు

“ఆడదానికి కండలెందుకు?” అని భర్త అడిగినప్పుడు ఆమె అత్తగారి కింద దుప్పటి మారుస్తోంది. మనిషి మంచం మీద ఉండగానే కింది దుప్పటి మార్చడం ఒక విద్య. ముందు మనిషిని తనవైపుకి ఒత్తిగిల్లించాలి. వీపు వెనకనున్న పాత దుప్పటిని సగం దాకా చుట్టి, దాని పక్కనే కొత్తది పరిచి, మనిషిని ఆ చుట్ట మీదుగా అటువైపుకి దొర్లించి, పాతది లాగేసి కొత్తది సరిచెయ్యాలి. ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు. రెండేళ్ళుగా రోజుకు రెండుసార్లు చేస్తుంటే అదే వచ్చింది. ఆయన కాఫీ కప్పుతో గుమ్మంలో నిలబడి, ఆమె జబ్బల వంక చూస్తూ ఆ మాట అన్నాడు. లోపలికి మాత్రం రాలేదు. తల్లి గదిలో వాసన ఆయనకు పడదు.

జవాబు అత్తగారు చెప్పింది, పక్షవాతంతో ఓ పక్కకి జారిపోయిన నోటితో. “నన్నెత్తడానికిరా.” ఆయనకు అర్థమైందో లేదో, కప్పు కిటికీ గట్టు మీద పెట్టేసి వెళ్ళిపోయాడు. ఆ కప్పు కూడా తరవాత ఆమే తీసింది.

ఆ ముసలావిడ చెప్పింది అక్షరాలా నిజం. కానీ నిజాన్ని మంచం మీదున్న మనిషి చెబితే ఎవరు వింటారు?

పక్షవాతం వచ్చి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన కొత్తలో భార్యాభర్తలిద్దరూ కలిసే ఆవిడని ఎత్తేవాళ్ళు. ఆయన భుజాల దగ్గర, ఆమె కాళ్ళ దగ్గర. మంచం మీద నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాల గదిలో స్టూలు మీదకి. మూడు నెలలు తిరక్కుండానే ఆయనకు నడుం నొప్పి మొదలైంది. ఆయన నడుము చిత్రమైంది. తల్లిని ఎత్తాలంటే పట్టేస్తుంది గానీ ఆదివారం స్నేహితులతో షటిల్ ఆడటానికి ఏ అభ్యంతరమూ పెట్టదు. “నువ్వు చూసుకో, నీకు అలవాటైంది కదా” అన్నాడు. అలవాటు అన్న ఒక్క మాటతో ఈ లోకంలో ఎంత చాకిరీ ఆడవాళ్ళ చేతుల్లోకి జారిపోయిందో ఎవరు చెప్పొచ్చారు.

అలా ఒక్కర్తే ఎత్తబోయిన ఓ రోజు, స్టూలుకి జానెడు దూరంలో ఆమె చేతులు పట్టు వదిలేశాయి. ఇద్దరూ పడ్డారు. తడి నేల మీద వెల్లకిలా పడున్న అత్తగారిని ఆమె నాలుగుసార్లు లేపబోయింది, నాలుగుసార్లూ ఓడిపోయింది. భర్తకి ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానన్నాడు. ఆయన వచ్చేదాకా, నలభై నిమిషాలు, ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని ఆ నేల మీదే కూర్చుంది. “నీ తప్పు కాదే పుల్లా, నేనే బండని” అంటూ ఉంది ఆవిడ, చలికి వణుకుతూ.

పుల్ల. కాపురానికొచ్చిన మొదటి రోజు అత్తగారు పెట్టిన పేరది. “ఈ పుల్ల నా సంసారం ఏం ఈదుకొస్తుంది” అని నలుగురిలో అన్నది. ఆ తరవాత ఇరవై ఏళ్ళు ఇద్దరూ ఉప్పూ నిప్పూ. పుల్ల కాస్తా ఒళ్ళు చేసింది, జుట్టు నెరిసింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ పేరులో మొట్టమొదటిసారి జాలి వినబడింది ఆ తడి నేల మీదే.

మర్నాడు తీర్పు వచ్చేసింది. తీర్పు చెప్పింది కొడుకూ, ఊళ్ళోనే ఉండే కూతురూ. ఇక స్నానాల గది వద్దు, మంచం మీదే తడిగుడ్డతో తుడిస్తే చాలు అన్నారు. ఎముక విరిగితే ఎవరు చూస్తారని ఆడపడుచు అడిగింది. చూసేది ఎవరో అందరికీ తెలుసు. ఆ రోజు నుంచీ అత్తగారిది ఒకటే కోరిక. విందు కాదు, విహారం కాదు. తల మీద నుంచి నీళ్ళు పోసుకోవాలని. “గుడ్డతో తుడిస్తే బల్లని తుడిచినట్టుందే. ఒక్కసారి తల మీద నుంచి పొయ్యవే” అని అడిగేది. ఆసుపత్రి కాగితం మీద రోగి బరువు యాభై ఎనిమిది కిలోలని రాసి ఉంది. ఆ అంకెని ఆమె మనసులో మేకు కొట్టి తగిలించుకుంది.

ఆమె ఓ బడి ఆఫీసులో గుమస్తా. జవాబు పత్రాల కట్టలు వస్తే “మీరుండండి మేడమ్, మగవాళ్ళు మోస్తారు” అని పెద్ద గుమస్తా మర్యాదగా అడ్డుపడేవాడు. అదే పెద్ద గుమస్తా, నిండు కూజా టీ పై అంతస్తుకి ఆమె మోసుకెళ్తుంటే ఎప్పుడూ అడ్డుపడలేదు. ఆ బడికి వెళ్ళే దారిలో, టైర్ల దుకాణం మీద, ఒక జిమ్ము ఉంది. పొద్దున్న ఆరు నుంచి ఏడు దాకా ఆడవాళ్ళకి. ఎక్కాలా వద్దా అని వారం రోజులు మెట్ల కింద నిలబడి, ఎనిమిదో రోజు ఎక్కింది.

కోచ్ పాతికేళ్ళ అమ్మాయి. బరువులెత్తే పోటీలకి తయారవుతోంది. “ఇక్కడ కండలు పెంచే పొడులు, సూదులు ఉండవక్కా. తిండి, నిద్ర, ఓపిక, అంతే. నిదానంగా వస్తుంది, వచ్చింది మాత్రం మీదే” అంది. రోజుకి ఏం తింటారని అడిగితే ఆమె తెల్లమొహం వేసింది. తన కంచంలో తనకంటూ వడ్డించుకుని ఎప్పుడు తిన్నదో గుర్తు రాలేదు. మిగిలింది తినేది, మిగలకపోతే నీళ్ళు తాగేది. ఇదంతా ఆ పిల్లతో ఎలా చెబుతుంది? “అన్నీ తింటాను” అంది.

దేనికొచ్చారని అడిగితే కూడా నిజం చెప్పలేదు. అత్తగారిని ఎత్తడానికని చెబితే నవ్వుతారని సిగ్గు. ఒంట్లో బలం కోసమంది. నేల మీదున్న రాడ్డుని నడుము వంగకుండా, మోకాళ్ళ బలంతో లేపి నిటారుగా నిలబడటం నేర్పమని మాత్రం అడిగింది. మొదటి రోజు కోచ్ రాడ్డుకి ప్లేట్లేవీ తగిలించలేదు. “ముందు ఖాళీ రాడ్డుతో చెయ్యండి” అంది. ఏమీ లేని ఆ ఇనప కడ్డీకే ఆమె చేతులు గడగడా వణికాయి. ఇంటికొచ్చి చిన్న నోటు పుస్తకంలో పైన “అత్తయ్య – 58” అని రాసుకుంది. కింద తేదీ వేసి, బరువు దగ్గర సున్నా పెట్టింది. సున్నా ఎత్తడానికే ఇంత ఆయాసమా అని ఆ రోజంతా తనని తనే తిట్టుకుంది.

ఈ లెక్క తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కరే. జిమ్ము నుంచి రాగానే అత్తగారు బాగున్న చేత్తో ఆమె జబ్బ నొక్కి చూసేది. “ఎంతకొచ్చావే?” “పదిహేనత్తయ్యా.” “నా తలకాయంత లేదు, ఇంకా చెయ్యి” అనేది. డాక్టరు ఆవిడకి రోజూ రెండు ఉడికించిన గుడ్లు పెట్టమన్నాడు. అందులో ఒకటి ఆవిడ నోరు బిగించేసి తినేది కాదు. “నేను తిని ఏ కొండలు ఎత్తాలి? నువ్వు తిను” అని, కోడలు తినేదాకా చూస్తూ ఉండేది. ఇరవై ఏళ్ళ కాపురంలో తను తిన్నదో లేదో కనిపెట్టి చూసిన మనిషి ఆవిడొక్కతే.

భర్తకి మాత్రం ఇదంతా మింగుడు పడలేదు. “మగరాయుడిలా తయారవుతున్నావు” అన్నాడు ఓసారి. నువ్వు లేని గంటలో అమ్మ రెండుసార్లు పిలిచింది, నా నిద్ర చెడిందన్నాడు ఇంకోసారి. ఆడపడుచు ఫోన్ చేసి, మంచాన పడ్డ మనిషిని వదిలి ఈ వయసులో ఈ సోకులేమిటని అడిగింది. ఆమె అన్నీ విన్నది. మర్నాడు నాలుగున్నరకే లేచి, వంట సగం చేసి, అత్తగారి ఒళ్ళు తుడిచి, జిమ్ము మెట్లెక్కింది. ఇరవై అయింది, ముప్ఫై అయింది, నలభై అయింది. ఆ తరవాత బరువు మొండికేసింది. రెండున్నర కిలోలు పెరగడానికి మూడేసి వారాలు పట్టేది.

నలభై ఏడున్నర ఎత్తిన రోజు అత్తగారు మామూలుగా జబ్బ నొక్కలేదు. చెయ్యి పట్టుకుని ఉండిపోయింది. “ఇవాళ పొయ్యకూడదటే?” అని అడిగింది. ఆమె మంచం పట్టె మీద కూర్చుని, ఇంకా పదిన్నర తక్కువుందని, మళ్ళీ పడేస్తానేమోనని భయంగా ఉందని చెప్పింది. మూడు నెలలు ఓపిక పట్టమంది.

“పోనీలే, తొందరేముంది” అంది అత్తగారు. అని గోడవైపుకి చూసింది.

ఆ తరవాతి వారంలోనే, ఆమె జిమ్ములో ఉన్న గంటలో, ఆవిడ నిద్రలోనే పోయింది. ఆమె ఇంటికొచ్చి, ఆవిడ కాళ్ళకి రాయడానికి తెచ్చిన నూనె గిన్నె పక్కన పెట్టి, “అత్తయ్యా” అని పిలిచి, చెయ్యి పట్టుకుంటే తెలిసింది. పక్క గదిలో ఆయన ఇంకా లేవలేదు. గంట తిరక్కుండా ఇల్లు నిండిపోయింది. ఆడపడుచు తల్లి కాళ్ళ దగ్గర కూలబడి, “నువ్వు ఇనుము ఎత్తుకుంటూ ఉంటే మా అమ్మ దిక్కులేకుండా పోయింది వదినా” అని ఏడ్చింది. ఆ గంటా కొడుకు ఇంట్లోనే ఉన్నాడన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆయనకీ గుర్తు రాలేదు.

స్నానం చేయించాలన్నారు. ఎవరు ఏ పక్క పట్టుకోవాలని మగవాళ్ళు గుమ్మంలో తర్జనభర్జన పడుతున్నారు. ఆయన నడుము మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు. ఆమె వాళ్ళ మధ్యలోంచి లోపలికి వెళ్ళింది. మంచం పక్కన మోకాళ్ళు వంచి, ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి మోకాళ్ళ కింద పెట్టి, ఊపిరి కడుపులో బిగించి, లేచి నిలబడింది.

అంతే. అంత సులువుగా లేచింది ఆవిడ. ఎప్పుడు ఇంత తేలికైపోయావత్తయ్యా అనుకుంటూ, ఆవిడ తల తన భుజానికి ఆనించుకుని, దారిచ్చిన మనుషుల మధ్య నుంచి స్నానాల గదికి నడిచింది. స్టూలు మీద కూర్చోబెట్టి, వెనక నుంచి తన ఒంటికి ఆనించి పట్టుకుని, గోరువెచ్చటి నీళ్ళు తల మీద నుంచి పోసింది. ఒక చెంబు, ఇంకో చెంబు. నీళ్ళు నుదుటి మీదుగా, మూసిన రెప్పల మీదుగా కారాయి. ఆడపడుచు తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఏడుపు ఆపేసింది. బకెట్టు ఖాళీ అయినా ఆమె చాలాసేపు చెంబు కింద పెట్టలేదు.

పదిహేను రోజుల తరవాత ఆయన, “ఇంక ఎత్తాల్సిన మనిషి లేదుగా, ఆ జిమ్ము మానేస్తావుగా” అన్నాడు. ఆమె మర్నాడు పొద్దున్నే వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో ఆమెకే తెలియదు. ఆ వేళకి మెలకువ వచ్చేస్తోంది, ఇంట్లో తుడవాల్సిన ఒళ్ళు లేదు. బెంచీ మీద ఊరికే కూర్చుంటే కోచ్ వచ్చి పక్కన కూర్చుంది. ఆ పిల్లకి ఆ రోజు మొత్తం చెప్పేసింది. పడిపోవడం, యాభై ఎనిమిది, నీళ్ళు. పుస్తకం తీసి చూపించింది. చివరి దాకా అందుకోలేకపోయాను, ఇంకా పదిన్నర ఉండిపోయింది అంది.

కోచ్ పేజీలు తిప్పింది. మొదటి పేజీ దాకా వెనక్కి వెళ్ళింది.

“ఇదేంటక్కా, సున్నా రాశారు?”

“ఆ రోజు ఏమీ ఎత్తలేదుగా. ఖాళీదే ఇచ్చావు.”

“రాడ్డే ఇరవై కిలోలక్కా.”

కోచ్ ఆ ఇరవై కలిపి వేలు జరుపుకుంటూ వచ్చి ఒక తేదీ దగ్గర ఆగింది. ప్లేట్లు నలభై, రాడ్డు ఇరవై, మొత్తం అరవై. మిమ్మల్నొకసారి అడిగి ఉండాల్సిందక్కా అని ఆ పిల్ల గొణిగింది. ఆ తేదీ తరవాత అత్తగారు ఇంకా పది వారాలు బతికి ఉంది. పది వారాలు రోజూ తలస్నానం చేయించగలిగేది. ఇవాళ పొయ్యకూడదటే అని అడిగిన రోజుకి ఈ చేతులు అరవై ఏడున్నర ఎత్తుతున్నాయి. ఆవిడ చనిపోయిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకుని, పక్కన ఇనుము మోగుతూ ఉండగా, గట్టిగా ఏడ్చింది. పుట్టినప్పటి నుంచీ తన చేతుల్లో ఉన్నదేదీ లెక్కకు రాదని ఇంట్లోవాళ్ళు నేర్పితే, అది ఎంత బాగా నేర్చుకుందంటే, చేతుల్లో ఉన్న ఇనప రాడ్డుని కూడా లెక్కెయ్యలేదు.

కోచ్ ఆమె వీపు నిమురుతూ చాలాసేపు కూర్చుంది. తరవాత మెల్లగా అడిగింది, మీ బరువెంతక్కా అని. ఆమెకు తెలియదు. ఇంట్లో అందరి బరువూ, అందరి బీపీ తెలుసు. మూల ఉన్న మిషను ఎక్కితే ముల్లు డెబ్భై దగ్గర ఆగింది.

సాయంత్రం భోజనాల బల్ల దగ్గర పుస్తకం ముందేసుకుని, పాత పేజీల్లో ఒక్కో అంకె కొట్టేసి పక్కన ఇరవై కలిపి రాస్తోంది. ఆయన ఎదురుగా కూర్చుని కాసేపు చూశాడు. భార్య కళ్ళు వాచి ఉన్నాయని గమనించాడేమో, గొంతు తగ్గించాడు. పోనీలే, మానకు, వెళ్తూ ఉండమన్నాడు.

“రేపు నేను పడినా ఎత్తడానికి ఒకరుండాలిగా. నేను ఎనభై రెండు” అని నవ్వాడు.

ఆమె తలెత్తి ఆయన్ని చూసింది. కోపంగా కాదు. కొత్త పేజీ తిప్పింది. రాసుకో అన్నట్టు ఆయన ఎనభై రెండు అని మళ్ళీ అన్నాడు. ఆమె పైన “నేను – 70” అని రాసింది. కింద తేదీ వేసి, ప్లేట్ల కన్నా ముందు రాడ్డు బరువు రాసింది.