తోడల్లుళ్ల తెల్ల పేజీ

నా ఒంట్లో అసూయ అన్నది చెంచాడు కూడా లేదని నూరుమంది ముందైనా చెప్తాను. అందుకే మా అల్లుళ్లిద్దరి గొడవకీ నేనే తీర్పరినయ్యాను.

ఇద్దరిదీ ఒకటే పని. జావాస్క్రిప్ట్‌తో వెబ్‌సైట్లు కడతారు. పెద్దల్లుడు మూడేళ్లుగా ఒకే కళ్లజోళ్ల దుకాణం సైటు పట్టుకుని కూర్చున్నాడు. చిన్నల్లుడు చొక్కా మార్చినట్టు సైటు కట్టే చట్రాన్ని, అదే ఫ్రేమ్‌వర్క్‌ని, నెలకొకటి మారుస్తాడు. ఒకే గదిలో ఎదురెదురు బల్లలు. చిన్నాయన ఈల వేశాడంటే పెద్దాయన దవడ బిగుసుకునేది.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి దుకాణం యజమాని కొత్త పేజీ చూస్తానన్నాడు. నచ్చితే ఆయన ఏడు దుకాణాల పనీ పెద్దల్లుడికే. నచ్చకపోతే ఉన్నదీ ఊడుతుంది.

మధ్యాహ్నం చిన్నల్లుడు తినేసి లేచాక, నేనూరుకోలేక అన్నాను: "పెద్దల్లుడుగారూ, తమ్ముడి పేజీ చూశారా? నేను తుమ్మబోయి ముక్కు పట్టుకునేలోగా తెరుచుకుంది. మీది తెరుచుకునేసరికి నాకు రెండు కునుకులు పడతాయి."

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "అంత వేగమా మామయ్యగారూ?"

"మర్యాదకి తగ్గించి చెప్పాను."

చెయ్యి కడుక్కుని సరాసరి బల్ల దగ్గరికి పోయాడు. ఆయన పేజీ పరాయివాళ్లు రాసిపెట్టిన ఎనిమిది వందల ప్యాకేజీల మీద నిలబడుతుందట. ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌దో లాక్ ఫైలు అని ఒకదాంట్లో రాసుంటుంది. ఈయన ఉడుకుమోత్తనంతో దాన్ని తీసిపారేసి, కొత్తవైతే వేగం వస్తుందని అన్నీ సరికొత్తవి దించాడు.

పేజీ సున్నం కొట్టిన గోడలా తెల్లబోయింది. ఒక తప్పు దిద్దితే నాలుగు ఎర్ర గీతలు మొలిచాయి.

"పాత ఫైలు ఇంకెక్కడా దాచలేదా?" అంది మా పెద్దమ్మాయి.

"మిగతావన్నీ దాచాను. అదొక్కటి దాచలేదు."

"మరిదిని అడగొచ్చుగా?"

"చచ్చినా అడగను."

మూడుంపావుకి అడిగాడు.

చిన్నల్లుడు మెడ గోక్కున్నాడు. "తిట్టనంటే చెప్తా అన్నయ్యా. ఆ ఫైలు నా దగ్గరుంది. పోయిన నెల మీరు స్నానానికెళ్లినప్పుడు మీ పనంతా నా కంప్యూటర్లోకి ఎక్కించుకున్నా."

"ఎందుకూ?"

"మూడేళ్లలో మీ సైటు ఒక్కసారీ పడిపోలేదు. నాది వారానికోసారి పడిపోతుంది. ఏం మందు పెట్టారో చూద్దామని. చూశాక ఇంకా కడుపు మండింది."

"దొంగ వెధవా!"

"మీరు నాది చూడలేదూ?"

పెద్దల్లుడు నసిగాడు. "నీ భుజం మీంచి రోజూ. ఈ వారమే పనిలో పడి చూడలేదు."

పాత ఫైలు మళ్లీ పెట్టి, ఇద్దరూ ఒకే తెర ముందు తలలు దూర్చారు. నాలుగింటికి రెండు నిమిషాలుందనగా కళ్లజోళ్లన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. యజమాని ఏడు దుకాణాల పనీ ఇచ్చేశాడు. "తమ్ముడూ నేనూ కలిసి చేస్తాం" అన్నాడు పెద్దల్లుడు.

ఇప్పుడు ఇద్దరిదీ ఒకే బల్ల, ఒకటే ఈల. ఇదివరకు ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకోవడానికైనా నా దగ్గరికొచ్చేవాళ్లు. ఇప్పుడు నేను దగ్గినా తలెత్తరు. చెంచాడు కూడా లేదన్నానే, అది కొట్టేయండి. బిందెడుంది. తీర్పరినన్నదీ కొట్టేయండి, నిప్పంటించిందే నేను.

ఇందులో నేను కల్పించింది ఒక్క ఆ తుమ్ము మాటే. చిన్నల్లుడి పేజీ ఆ వారమంతా అసలు తెరుచుకోనే లేదు.