నల్ల సముద్రం నూనె

"నూనె శానా పోస్తాండావ్ మ్మే," అంది లూదియమ్మ వంటింటి గడపలో నిలబడి.

ప్రేమకుమారి మూకుడు వంక చూసింది. రోజూ పోసేంతే పోసింది. అత్తగారి నోట ఈ మాట ఆమె మొదటిసారి విన్నది ఆళ్లగడ్డకు కాపురానికి వచ్చిన కొత్తలో, పొద్దుతిరుగుడు నూనె ధర ఉన్నట్టుండి ఆకాశానికెక్కిన ఆ ఎండాకాలంలో. నూనెకని తీసిపెట్టిన డబ్బులు చాలకపోయేసరికి, కోడలిది దుబారా చెయ్యి అని లూదియమ్మ తేల్చేసింది. "చూసి పొయ్యి ప్రేమా," అన్నాడు భర్త అజయ్ కుమార్, పళ్లెంలోంచి తల ఎత్తకుండా, మూడో పూరీ తుంచుతూ. ఆమె బళ్లో సోషల్ టీచరు. మరునాడు ఎనిమిదో తరగతి గోడకున్న పటంలో నల్ల సముద్రం చూపించి, అక్కడ యుద్ధమొచ్చి నూనె ఓడలు ఆగిపోయాయి, అందుకే మీ ఇళ్లల్లో పూరీలు తగ్గాయి అని చెప్పింది. పిల్లలు పకపకా నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు. ఎవరో ఎక్కడో కొట్టుకుంటే ఆ తిట్లు తను తన వంటింట్లో నిలబడి తింటోంది. ఈ దారి ఎట్లా వచ్చింది, ఈ లెక్క ఎవరు చదువుతారు, యాడ చదువుతారు అని ఆ రోజు పుట్టిన దురద ఇంతవరకు తగ్గలేదు.

ఆ చదువుకో పేరుందని తర్వాత తెలిసింది. అంతర్జాతీయ వ్యవహారాలు. పేరు చూస్తే సూటు బూటు వేసుకున్నవాళ్ల సంగతిలా ఉంటుంది గానీ, లోపలికి వెళితే బియ్యం, నూనె, పత్తి, నీళ్లు, కూలి. అంటే ఇంటి సంగతులే. పప్పు ఉడికేలోపు ఒక పేజీ, బస్సులో రెండు పేజీలు చదివి, పరీక్షలు రాసి, రెండు చోట్లకు దరఖాస్తు పంపింది. వస్తుందని ఇంట్లో ఎవరూ అనుకోలేదు కాబట్టి ఎవరూ అడ్డం చెప్పలేదు. ఆడది చదువుతానంటే పోయేదేముందిలే అనుకునే మంచి ఇళ్లు మన దగ్గర బోలెడు. వచ్చాక గదా అసలు మంచితనం తేలేది.

మొదట ఢిల్లీలో సీటు వచ్చింది. గవర్నమెంటు యూనివర్సిటీ, రెండేళ్ల ఎమ్మే, ఫీజు తక్కువ, హాస్టలుంది. ఆమె చెప్పి నోరు మూసిందో లేదో, "ఢిల్లీనా? మరి ఇంట్లో వంట?" అన్నాడు అజయ్. లూదియమ్మ మోకాలు నిమురుకుంటూ, "ఈ కాళ్లతో మళ్లీ నేను పొయ్యికాడ నిలబడాల్నా," అంది. రెండు రోజులు ఇంట్లో ఎవరో పోయినట్టే తిరిగారు. వారం దాటాక కెనడాలోని ఒట్టావా నుంచి వచ్చింది. అజయ్ మొహం వెలిగిపోయింది. నంద్యాలలో తను పనిచేసే బైకుల షోరూంలో అందరికీ స్వీట్లు పంచాడు. కన్సల్టెన్సీకి వెళ్లొచ్చాడు. భార్య అక్కడ పీజీ చదివితే భర్తకు పని చేసుకునే పర్మిట్ వస్తుందని కనుక్కొచ్చాడు.

"నువ్వు చదువుకో, నేను పని చేస్తా. రెండేండ్లు కష్టపడితే మన బతుకే మారిపోతాది," అన్నాడు. అంత ప్రేమగా ఆయన మాట్లాడి చాలా కాలమైంది. ఆ ప్రేమకు ఆమె కరిగింది కూడా. మూడో రోజు అంట్లు తోముతుండగా తట్టింది, కెనడా అన్నాక వంట సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదని. ఢిల్లీకైతే మోకాళ్లు నొస్తాయి, కెనడాకైతే నొయ్యవు.

నలభై రెండు లక్షలు కావాలి. లోను ఆమె పేరు మీదే, చదివేది ఆమె గనక. తాకట్టుకు నంద్యాలలో వాళ్లమ్మ రూతమ్మ ఇల్లు, కూతురి చదువు గనక. నెలకు అరవై వేలకు తగ్గకుండా పదేళ్లు కట్టాలని బ్యాంకాయన చెప్పినప్పుడు ఆమె వేళ్ల మీద లెక్క వేసుకుంది. బళ్లో ఆమె జీతం పద్దెనిమిది వేలు. అది కూడా పడీ పడగానే అజయ్ ఫోనులోకి పోతుంది, ఇంటి ఖర్చని. సాయంత్రం వసారాలో చెప్పే ట్యూషన్ డబ్బుల సంగతి ఎవరికీ పట్టదు. కరివేపాకు డబ్బులని వాళ్ల ఉద్దేశం. ఆ కరివేపాకు డబ్బులే ఆమె నాలుగేళ్లుగా పోస్టాఫీసులో వేసుకుంటోంది. ఢిల్లీకైతే అవి సరిపోతాయి.

"ఈఎంఐ అంటే భయమేందీ?" అన్నాడు అజయ్. "దినామ్మూ నలుగురికి పెట్టిస్తాండా నేను. పెట్టించుకున్నోళ్లందరూ బాగనే ఉండారు."

అదే ఆయన ఉద్యోగం మరి. బండి మీద కూర్చోబెట్టి ఫోటో తీసి చేతికిచ్చేదాకా ఆయన. ఆ తర్వాత మూడేళ్లు కట్టేది వాళ్లు.

అయినా ఆమెకు కెనడా వద్దనిపించలేదు, నిజం చెప్పాలంటే. ఒట్టావాలో ఒక పాఠం ఉంది, తిండి గింజల వ్యాపారమూ యుద్ధాలూ అని. అచ్చంగా తన మూకుడు గురించే ఎవరో ముందుగా రాసిపెట్టినట్టు. ఆ పాఠం చెప్పే ఆవిడ ఉపన్యాసాలు ఫోనులో మళ్లీ మళ్లీ పెట్టుకుని వినేది. ఢిల్లీలో ఆ పాఠం లేదు. ఉన్నవి చాలా మంచివే గానీ అది లేదు. దానికోసం నలభై రెండు లక్షలా? ఎందుకు కాకూడదు? మగవాళ్లు బోరు కోసం, బైకు కోసం, చెల్లెలి పెళ్లిలో పందిరి కోసం అప్పు చెయ్యడం లేదా? తను ఒక పాఠం కోసం చేస్తే నేరమా? ఇట్లా ఒక పూట అనుకునేది. ఇంకో పూట అరవై వేలు గుర్తొచ్చి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. బళ్లో ఒకే పాఠం రెండుసార్లు చెప్పి పిల్లల చేత మాట అనిపించుకుంది.

ఒట్టావాలోనే చదివిన భానుప్రియ అనే హైదరాబాదు అమ్మాయి నంబరు పట్టుకుని ఫోను చేసింది. ఆ అమ్మాయి దాచలేదు.

"చదువు బంగారం ప్రేమగారూ, అందులో మాట లేదు. కానీ మన రంగంలో మొదట్లో దొరికేవి చిన్న జీతాల పనులు. కొన్నిటికైతే జీతమే ఉండదు. అప్పు లేనివాళ్లు వాటిలో చేరి పైకి పోయారు. నేను చేరలేకపోయాను. ఇప్పుడు ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో ఫోన్లెత్తుతున్నాను. మీ అప్పు ఎవరు కడతారు?"

"మా ఆయన పని చేస్తానన్నాడు."

"ఆయన సంపాదన ఆయన ఇష్టం. అప్పు మీ పేరు మీద గదా," అంది భానుప్రియ మెల్లగా.

శనివారం బడి ఒంటిపూట. ప్రేమకుమారి అటునుంచటే నంద్యాల బస్సెక్కింది. రూతమ్మ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మాటలు తక్కువ. మొగుడు పోయాక రాత్రి డ్యూటీలు చేసి, ఒక్కో గది చొప్పున ఆ ఇల్లు లేపింది. కూతురు చెప్పులు విప్పకముందే, "నీ మొగుడు బుధవారం వచ్చిపోయినాడు," అంది.

ప్రేమకు తెలియదు. షోరూం నుంచి మధ్యాహ్నం వచ్చాడట. యాపిల్ పండ్లు తెచ్చాడట. అత్తా అత్తా అని మెత్తగా మాట్లాడి ఇంటి పత్రాలు అడిగాడట.

"ఇచ్చినావా?"

"నా కూతురొచ్చి అడిగితే ఇస్తానని చెప్పినా. అడుగుతాండావా?"

ప్రేమ చెప్పులు విప్పి కాళ్లు కడుక్కుంది. రూతమ్మ అన్నం పెట్టింది. గోంగూర వేసింది, పైన నూనె చుట్టింది, ధారగా, లెక్కా పత్రం లేకుండా. అది చూసేసరికి ప్రేమకు ఏడుపొచ్చింది. ఎందుకో తల్లి అడగలేదు. అన్నం కలిపేదాకా ఆగి, "చూడు పాపా, నీకు కావాలంటే ఈ పొద్దే సంతకం పెడ్తా. ఇల్లు పోయినా నాకు బాధ లేదు. కావల్సింది నీకేనా, వానికా, అది మాత్రం చెప్పు," అంది.

ఇన్ని రోజులూ ఒట్టావానా ఢిల్లీయా అని కొట్టుకుంటోంది గానీ, ఆమె తనను తాను ఈ మాట అడగలేదు. ఆ పాఠం తనకు కావాలి. పర్మిట్ ఆయనకు కావాలి. అప్పు మొయ్యాల్సింది మాత్రం తను, తనతోపాటు అమ్మ. అక్కడికి వెళ్లినా రెండు గదుల ఇంట్లో వండేది తనే, చదువుకునేది అందరూ తిన్నాకే. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ పాఠాన్ని వదులుకుంది. వదులుకోవడం తేలికేం కాలేదు. శిరివెళ్ల దాటేదాకా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇంటికి వెళ్లగానే అజయ్‌కి చెప్పాలనుకుంది. ఇంటికి వెళ్లేసరికి ఆయన ఆదివారానికి చొక్కా ఇస్త్రీ చేయించుకుని హుషారుగా ఉన్నాడు.

"అమ్మ ఇల్లు తాకట్టు పెట్టను. ఢిల్లీకి పోతా," అంది.

"రేపు గుడికి పోయొచ్చినాక మాట్లాడుదాంలే," అన్నాడాయన నవ్వుతూ. ఆ నవ్వు ఎందుకో మరునాడు గానీ తెలియలేదు.

వాళ్ల చర్చిలో, అందరూ గుడే అంటారు, పాటలయ్యాక, పాస్టరుగారి వాక్య ప్రసంగానికి ముందు, సాక్ష్యాలుంటాయి. జబ్బు నయమైనవాళ్లు, ఉద్యోగమొచ్చినవాళ్లు లేచి దేవుడు చేసిన మేలు చెబుతారు. సాక్ష్యం చెప్పేవాళ్లకు ఎవరూ అడ్డు రారు, పాస్టరుగారు కూడా. చెప్పాక వెనక్కి తీసుకోవడమూ లేదు. అట్లా తీసుకుంటే దేవుడితో పరాచికాలాడినట్టే. అజయ్ కుమార్ ఇస్త్రీ చొక్కాతో లేచాడు.

"సంఘానికి వందనాలు. మా కుటుంబానికి ప్రభువు కెనడా తలుపు తెరిచినాడు. ఎన్నో ఏండ్ల నా ప్రార్థన ఇది. నా భార్యకు సీటిచ్చి నాకు దారి చూపించినాడు. శ్రావణ మాసం లోపల, అంటే ఆగస్టులోపల మేము బయల్దేరుతాండాము." నోరు జారిన శ్రావణానికి ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ వెంటనే హల్లెలూయా అన్నారు. ఆయన కృతజ్ఞత కానుక కవరు పెట్టెలో వేసి కూర్చున్నాడు. మగవాళ్ల వైపు నుంచి చేతులు చాచి ఆయనతో చెయ్యి కలిపారు. సీటొచ్చింది ఎవరికో ఒక్కరికీ గుర్తున్నట్టు లేదు.

ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న ప్రేమ, కవరు పడిన పెట్టె వంక చూసింది. తననూ బండి మీద కూర్చోబెట్టి ఫోటో తీసినట్టే ఉంది. ఇప్పుడు కాదంటే సంఘం ముందు మొగుణ్ని అబద్ధికుణ్ని చేసినట్టు. ఊరుకుంటే పదేళ్లు. నాలుగేళ్లుగా ఈ గుడికొస్తున్నా ఆమె ఒక్క సాక్ష్యం చెప్పలేదు. పక్కన లూదియమ్మ కళ్లు మూసుకుని ఉంది. ప్రేమకుమారి చెంగు తల మీదికి లాక్కుని లేచింది. తరగతిలో వచ్చే గొంతే వచ్చింది.

"సంఘానికి వందనాలు. నాకు దేవుడు రెండు తలుపులు తెరిచినాడు. మా ఆయన ఒకటే చెప్పినాడు, రెండోది నేను చెప్తా. కెనడాకు పోవాలంటే నలభై రెండు లక్షల అప్పు, నా పేరు మీద. మా అమ్మ ఇల్లు తాకట్టు. ఢిల్లీకి పోవాలంటే నేను ట్యూషన్ చెప్పి దాచుకున్న దుడ్లు చాలు. మా ఆయన మంచి మనిషే, ఆయనకు కెనడా కావాలంటే దేవుడు ఆయన తలుపు ఆయనకు తెరవాల. నేను ఢిల్లీకి పోతాండా."

అజయ్ తల వంచుకున్నాడు. లేవడానికి లేదు, సాక్ష్యం మధ్యలో ఎవరూ లేవరు.

"ఒక ప్రార్థన మనవి గూడా ఉంది," అంది ప్రేమ. "ఢిల్లీ సీటొచ్చిందని చెప్పినప్పుడు మా ఇంట్లో అడిగింది ఒకటే, వంట ఎవరు చేస్తారని. మా అత్తకు మోకాళ్ల నొప్పులు. అందుకని నేను తిరిగొచ్చేలోపల మా ఆయనకు వంట రావాలని సంఘమంతా ప్రార్థన చెయ్యాల."

యేసురత్నం పాస్టరుగారు పెద్దవారు. నలభై ఏళ్లుగా ఈ సంఘం మనవులు దేవుడికి అప్పజెబుతున్నారు, ఒక్కటీ తోసెయ్యలేదు. ఆయన ఒక్క క్షణం కళ్లద్దాలు తుడుచుకున్నారు. తర్వాత చేతులెత్తారు. "ప్రార్థన చేద్దాం. ప్రభువా, నీ కుమార్తె ప్రేమకుమారి చదువును దీవించు. నీ కుమారుడు అజయ్ కుమార్ చేతులను వంటపనిలో బలపరచు తండ్రీ."

మొదటి ఆమేన్ చాప మీద నుంచి, ప్రేమ పక్క నుంచి వచ్చింది. ఎప్పుడూ సన్నగా గొణిగే లూదియమ్మ గొంతు ఆ రోజు గోడలకు తగిలింది. ఆ వెనక ఆడవాళ్లంతా అన్నారు. మగవాళ్లు చివర్న అన్నారు.

బయటికొచ్చాక అజయ్ నేరుగా బండి తీయడానికి వెళ్లాడు. ఇంటికెళ్లాక మాటలుంటాయి, పెద్ద మాటలే ఉంటాయి, ప్రేమకు తెలుసు. ఆమెకు భయంగానే ఉంది. లూదియమ్మ ఆమె భుజం పట్టుకుని మెట్లు ఒక్కొక్కటే దిగింది. లూదియమ్మ వాళ్ల అత్త ఒకప్పుడు నూనె సీసాకు బొగ్గుతో గీత పెట్టి, పొద్దుగూకేసరికి గీత కిందికి ఎంత దిగిందో చూసేదట. ఆ సంగతి లూదియమ్మ ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పింది. ఇప్పుడు నవ్వడం లేదు. ఆఖరి మెట్టు మీద ఆగి, దూరంగా బండి దగ్గర నిలబడ్డ కొడుకును చూసింది.

"పోయేలోపల వానికి స్టవ్ ముట్టిచ్చేది చూపిచ్చి పో మ్మే," అంది. "నూనె సంగతి నేను చూసుకుంటా."