మేకపోతు తల మీది లేసు టోపీ

నాకు అక్షరాలు అరవై దాటాక పట్టుబడ్డాయి. తప్పులుంటే మన్నించండి. రాయడమూ నిదానమే, మీరూ నిదానంగా చదవండి.

కార్వర్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు గుర్తు మేకపోతు. మా ఫుట్‌బాల్ అంటే బంతి చేత్తో పట్టుకుని అవతలి గీత దాటేదాకా ఉరికే ఆట. మైదానం పక్క షెడ్డు గోడ మీద దాని బొమ్మ ఉంటుంది. మొదట్లో అది ఉత్త మేకపోతే. ఏటా పోటీకి ముందు పక్క ఊరు వెక్స్‌టన్ వాళ్లు వచ్చి, వెక్కిరింతగా దాని మీద ఏదో ఒకటి గీసిపోతారు. ఆట ఓడితే కార్వర్ వాళ్లు దాన్ని చెరిపేస్తారు. గెలిస్తే మాత్రం శత్రువు దగ్గర గుంజుకున్న సొమ్ములా ఉంచేసుకుంటారు, చొక్కాల మీద కూడా అచ్చు వేయించుకుంటారు. అలా మేకపోతుకు ఒక ఏడు మెల్లకన్ను వచ్చింది, ఒక ఏడు ముందు పన్ను ఊడింది, ఒక ఏడు నెత్తి మీదికి ఆడవాళ్లు పెట్టుకునే లేసు టోపీ ఎక్కింది.

ఆ టోపీ గీసింది ఆర్డిస్ అనే వెక్స్‌టన్ పిల్ల. కాలేజీలో రంగులు వేసే హార్లన్ ఆమెను నిచ్చెన మీదే పట్టుకున్నాడు.

"దిగు."

"ఇంకా అంచు మిగిలింది. కాస్త నిచ్చెన పట్టుకో."

పట్టుకున్నాడు. మరుసటి వేసవిలో పెళ్లి చేసుకున్నారు.

ఇన్నేళ్లకు కాలేజీని నడపడానికి వచ్చిన డాక్టర్ పెల్ అనే కొత్త ప్రెసిడెంట్, గోడ మీద వేయమని కండల మెడా, నిప్పుల కళ్లూ ఉన్న కొత్త మేక బొమ్మ పట్టుకొచ్చాడు.

"టోపీ ఒక్కటీ ఉంచుదాం సార్," అన్నాడు హార్లన్.

"టోపీ పెట్టుకున్న మేకను చూసి ఎవరు భయపడతారయ్యా?"

"ఇంతవరకూ ఎవరూ పడలేదు లెండి."

చివరికి వేయక తప్పలేదు. ఆ పూట ఇంట్లో ఆర్డిస్ చేసిన కాసరోల్ వంటకం ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు.

"నా టోపీ తీసేశావా?" అంది ఆర్డిస్.

"తీసేశాను."

"నిచ్చెన ఎక్కడుంది?"

పోటీ ముందురోజు పట్టపగలే, మోకాళ్ల నొప్పులతోనే ఆర్డిస్ నిచ్చెనెక్కి కొత్త మేకకు టోపీ పెట్టింది. కింద హార్లన్ పట్టుకున్నాడు. పెల్ పరిగెత్తుకొచ్చాడు.

"ఏమిటమ్మా ఈ పని?"

"నేను వెక్స్‌టన్ దాన్ని. వెక్కిరించడానికొచ్చాను."

పోటీ చూడ్డానికొచ్చి చుట్టూ కాఫీ కప్పులతో నిలబడ్డ పాత విద్యార్థులు అది ఆనవాయితీయేనన్నారు. పెల్ పళ్లు నూరుకుని, "సరే, రేపు ఓడితే చెరిపేస్తాం," అన్నాడు.

"ఓడతారులెండి," అనేసింది ఆర్డిస్ పుట్టింటి పౌరుషంతో. అన్నాక నాలిక్కరుచుకుంది.

మర్నాడు అలవాటుగా వెక్స్‌టన్ వైపే, అన్న మెర్ల్ పక్కన కూర్చుంది. ఆఖరి నిమిషం దాకా వెక్స్‌టన్‌దే పైచేయి. అప్పుడు కార్వర్ కుర్రాడొకడు బంతి చంకలో పెట్టుకుని గీత వైపు ఉరికాడు. ఆర్డిస్ లేచి నిలబడింది.

"పరిగెత్తు నాయనా, పరిగెత్తు."

మెర్ల్ కళ్లు పెద్దవి చేశాడు. "నువ్వు ఎవరి వైపే?"

"టోపీ వైపు. కూర్చో."

కుర్రాడు గీత దాటి బోర్లా పడ్డాడు. కార్వర్ గెలిచింది.

సోమవారం డాక్టర్ పెల్ గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. కండల మెడ, నిప్పుల కళ్లు, పైన లేసు టోపీ.

"వచ్చే ఏడు వాళ్లు ఇంకేం తగిలిస్తారో," అన్నాడు దిగులుగా.

"ఓడిపోండి సార్," అన్నాడు హార్లన్. "ఇంకో దారి లేదు."

— అర్విల్లా బోమన్, డెబ్భై ఎనిమిదేళ్లు. ప్రస్తుతం అయోవాలో మా చెల్లెలి ఇంట్లో ఉంటున్నాను.