మన గంటలు

కారు అద్దం మీద పేరుకున్న మంచును దెమిస్సే పాత బ్యాంకు కార్డుతో గీకుతున్నాడు. మంచు గీకడానికి దుకాణాల్లో అమ్మే పలక డిక్కీలోనే ఉంది. కానీ ఆయనకు కార్డే అలవాటు. ఎడమ చెయ్యి జేబులో, కుడి చేతికి వేళ్ళు తెగిన ఉన్ని తొడుగు, గడ్డం దాకా లాక్కున్న మఫ్లరు. పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి స్టీరింగు ముందు కూర్చోవడం వల్ల భుజాలు ముందుకు వంగిపోయి, నిలబడ్డప్పుడు కూడా కూర్చున్నట్టే కనిపిస్తాడు. అమెరికాలోని ఆరోరాలో అలాంటి భుజాలున్న హబెషా మగవాళ్ళు, అంటే ఇథియోపియా నుంచి వచ్చినవాళ్ళు, వీధికి పదిమంది ఉంటారు. వాళ్ళలో దెమిస్సేను ప్రత్యేకంగా గుర్తుపట్టేవాళ్ళు తక్కువ.

గీకుతుండగానే ఫోను మోగింది. ఎమామా ఆస్నకెచ్. ఆ పెద్దావిడను ఎమామా అనీ, ఆసుపత్రిలో ఉన్న ఆమె భర్త వొర్కును అబాబా అనీ పిలుస్తాడు.

"నాయనా దెమిస్సే, లేచావా?"

"లేచాను ఎమామా. చెప్పండి, ఎలా ఉన్నారు? అబాబా ఎలా ఉన్నారు? చలి ఎక్కువగా ఉందా అక్కడ?"

ఆమె కూడా ఆయన ఆరోగ్యం, ఆయన భార్య ఆరోగ్యం, కారు ఆరోగ్యం అడిగింది. ఎంత తొందరైనా ఆ పలకరింపులు పూర్తికావాలి. అప్పుడు అసలు మాట చెప్పింది.

"ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేశారు. పొద్దున్నే వస్తే మంచిదన్నారు. ఆయన కాఫీ అడిగాడంట. ఇన్నాళ్ళూ వద్దన్నవాళ్ళు ఇప్పుడు ఏదడిగితే అది ఇవ్వచ్చు అంటున్నారు. అంటే నాకర్థమైందిలే. గింజలు వేయించాను. రెండింటికి రా నాయనా."

"రెండింటికి వస్తాను ఎమామా."

రెండు అంటే మన రెండు. పొద్దు పొడిచాక రెండో గంట. గడియారంలో ముల్లు ఎనిమిది మీద ఉన్నా హబెషా నోటికి అది రెండే. పొద్దుతో మొదలుకావలసిన లెక్కను అర్ధరాత్రి చీకట్లో ఎందుకు మొదలుపెడతారో దెమిస్సేకు ఈనాటికీ అర్థం కాలేదు. ఇథియోపియాలో దెస్సీ బస్సు స్టాండులో గుమస్తాగా నల్లబల్ల మీద బస్సు వేళలు రాసిన చెయ్యి అది. అమెరికా వచ్చిన మొదటి వారంలోనే ఆ లెక్క ఆయన్ని ముంచింది. గిడ్డంగిలో పని కోసం ఒంటిగంటకు రమ్మంటే, తెల్లవారగానే వెళ్ళి మూసిన గేటు ముందు మంచులో నిలబడ్డాడు. కాపలావాడు తరిమేశాడు. మధ్యాహ్నం వాళ్ళు పిలిచే వేళకు ఈయన ఇంట్లో దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. ఈ కథ తనే చెప్పి తనే నవ్వుతాడు. ఎదుటివాళ్ళు ఇదివరకే విన్నామన్నా ఆపడు.

కార్డు జేబులో పెట్టుకుని కారెక్కాడో లేదో ఫోను ఇంకోసారి టింగుమంది. విమానాశ్రయం బేరం. నలుగురు మనుషులు, స్కీయింగు సామాను, ఊరి దక్షిణపు కొస నుంచి. ఈ నెలలో అంత పెద్ద బేరం రాలేదు. దెమిస్సే ఒక్క క్షణం ఎమామా గురించి ఆలోచించాడు. ఎప్పుడూ ఆమెను తనే తీసుకెళ్తాడు. అయితేనేం, డ్రైవర్ల సంఘంలో ఇంతమంది ఉన్నారు, ఎవరో ఒకరు తీసుకెళ్తారు అనుకున్నాడు. ఫోనులో కారు పిలుచుకోవడం రాని ముసలివాళ్ళ కోసం సంఘం యాప్‌లో ఒక గడి ఉంది. డ్రైవర్లే వాళ్ళ తరఫున బేరం రాసి అందరికీ పంపొచ్చు. పేరు రాశాడు, చిరునామా రాశాడు, వేళ దగ్గర 2 కొట్టాడు. పంపేశాడు. విమానాశ్రయం బేరం ఒప్పుకున్నాడు.

తెర పైన మూలనున్న మీట చూసుకోలేదు.

ఆ మీట పెట్టించింది ఆయనే. ఇంతకుముందు అందరూ పెద్ద కంపెనీ యాప్‌కి నడిపేవాళ్ళు. ఒకరోజు దెమిస్సే ముఖం, ఫోటోలో ముఖం ఒకటి కావని దానికి అనుమానమొచ్చి ఖాతా మూసేసింది. అదే ముఖం అని చెప్పుకోవడానికి అవతల మనిషి లేడు. అలాంటివాళ్ళంతా కలిసి సంఘం పెట్టుకున్నారు. ఎవరో ఎక్కడో రాసి లోకం మీదికి ఉచితంగా వదిలేసిన సాఫ్ట్‌వేరును తెచ్చుకున్నారు. దానికి తాళం లేదు. ఎవరైనా విప్పి చూడొచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. మొదటి సమావేశంలోనే దెమిస్సే లేచి, "అయితే దీనికి మన గంటలు నేర్పండి" అన్నాడు. అందరూ నవ్వారు. సెలామవిత్ నవ్వలేదు. ఆమె ఒక బీమా ఆఫీసులో కంప్యూటరు పని చేస్తుంది, వాళ్ళ నాన్న కూడా టాక్సీ నడిపాడు. వారం తిరక్కుండా మీట పెట్టింది. ఇటు తిప్పితే మన గంటలు, అటు తిప్పితే వాళ్ళ గంటలు. "కొట్టేముందు పైన చూసుకోండర్రా" అని సభ్యులందరికీ విసుగొచ్చేలా చెప్పింది కూడా దెమిస్సేనే. నిన్న సాయంత్రం కొత్తగా చేరిన రొహేలియో అనే మెక్సికో అతనికి పని నేర్పుతూ తన ఫోనులో మీట అటు తిప్పాడు. మళ్ళీ ఇటు తిప్పలేదు.

విమానాశ్రయంలో దిగినవాళ్ళు మంచి మనుషులు, చేతికి టిప్పు కూడా ఇచ్చారు. డ్రైవర్లు ఎదురుచూసే ఖాళీ స్థలంలో కారు ఆపి దెమిస్సే కాసేపు కునుకు తీశాడు. లేచేసరికి పక్కన లెగెస్సె కారు ఉంది. లెగెస్సె ఇంకా కంపెనీకే నడుపుతాడు. లావుపాటి మనిషి, నోరు అంతకన్నా పెద్దది. మధ్యాహ్నం కావస్తోంది. ఇద్దరూ కారు ముందు భాగం మీద డబ్బా పెట్టుకుని ఇంజెరా రొట్టెలు విప్పారు.

"ఏమయ్యా గుమస్తా! మీ ధర్మసత్రం యాప్ బేరాలిస్తోందా, లేకపోతే ఆశీర్వాదాలతో సరిపెడుతోందా?"

"పొద్దున్న ఇచ్చిన బేరం చూస్తే నీకు నిద్ర పట్టదు."

"ఉచితంగా వచ్చింది ఊరికే పోతుంది. చూస్తూ ఉండు, ఒకనాడు అది మీ అందర్నీ రోడ్డు మీద పడేస్తుంది."

"పడేస్తే విప్పి చూసుకుంటాం. మీ దాన్ని విప్పనిస్తారా? నీ దాంట్లో గంట ఎంతయిందో మన భాషలో చూపించు, చూద్దాం."

లెగెస్సె జవాబుగా షిరో అనే పప్పుపిండి కూరలో అద్దిన ముద్ద చుట్టి దెమిస్సే నోట్లో కుక్కాడు. ప్రేమగా ఒకరి నోట్లో పెట్టే ఆ ముద్దను గుర్షా అంటారు. వద్దనకూడదు. ఎంత పెద్ద ముద్ద పెడితే అంత ప్రేమ, అంతసేపు నోరు మూత. లెగెస్సె ఆ లాభం తెలిసే పెడతాడు. దెమిస్సే బుగ్గలు ఉబ్బించుకుని నములుతూ, మీట చూపించి వాడి నోరు మూయించాలని ఫోను తీశాడు.

మీట వాళ్ళ గంటల వైపుంది. దాని కింద ఎమామా ఆస్నకెచ్ పేరు. మధ్యాహ్నం రెండు. ఎదురుచూస్తున్నారు. తీసుకెళ్ళేది రొహేలియో.

నోట్లో ముద్ద అక్కడే ఆగిపోయింది.

"ఏమైందిరా? తెల్లబోయావు?" అన్నాడు లెగెస్సె. దెమిస్సే డబ్బా అక్కడే వదిలేసి కారెక్కాడు. దారిలో ఎమామాకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. ఒకవేళ పక్కింటివాళ్ళెవరో తీసుకెళ్ళి ఉంటారని తనకు తనే చెప్పుకున్నాడు. ఆమె అలా ఎవరినీ అడిగే మనిషి కాదని కూడా తెలుసు. రొహేలియోకు బేరం వదులుకోమని చెప్పాడు.

ఆమె అపార్టుమెంటు కింద తలుపు దగ్గర బల్ల మీద కూర్చుని ఉంది. తెల్ల నెతెలా శాలువా తల మీదుగా కప్పుకుని, ఒళ్ళో తువ్వాలు చుట్టిన జెబెనాను రెండు చేతులా పట్టుకుని. నల్లమట్టి కాఫీ కూజా అది, పెళ్ళినాడు అత్తగారిచ్చింది. కారు చూడగానే నవ్వింది.

"దారిలో మంచు ఎక్కువగా ఉందా నాయనా?"

"ఫోన్ ఎత్తలేదేం ఎమామా?"

"పైన చార్జింగులో పెట్టాను. తెచ్చుకుందామంటే ఈలోపు నువ్వొచ్చి వెళ్ళిపోతావేమోనని."

అప్పుడే చెప్పాలి. "అవును ఎమామా, మంచు ఎక్కువగా ఉంది" అన్నాడు దెమిస్సే.

ఆమె వెనక సీట్లో ఎక్కి, జెబెనాను పక్క సీట్లో నిలబెట్టి దానికి బెల్టు పెట్టింది. దారంతా ఒక చెయ్యి దాని మీదే ఉంది. ఒకసారి మాత్రం, "చల్లారిపోయింది. అక్కడ వేడి చేసిస్తార్లే" అంది. దెమిస్సే అద్దంలో ఆమెను చూడలేకపోయాడు. పసుపు దీపాలన్నీ దాటించాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అలా దాటించలేదు.

ఆసుపత్రి తలుపు దగ్గర నర్సు ఎదురొచ్చింది. ఆమె ముఖం చూసి దెమిస్సే అక్కడే ఆగిపోయాడు. ఎమామాకు ఇంగ్లీషు రాదు, నర్సు చెప్పింది ఆయనే తిప్పి చెప్పాలి. అబాబా వొర్కు గంట కిందట పోయాడు. బాధ పడలేదు. పొద్దున్న తెలివిలోనే ఉన్నాడు, తలుపు వైపు చూస్తూ ఉన్నాడు, ఏదో అడిగాడు, వాళ్ళకు ఆ భాష అర్థం కాలేదు. దెమిస్సే అన్నీ చెప్పాడు. తలుపు వైపు చూశాడన్నది మాత్రం మింగేశాడు.

ఎమామా పెద్దగా ఏడవలేదు. ఆయన పాదాల మీద దుప్పటి సర్ది, గోడవైపు తిరిగి అంది:

"నేనే గంట తప్పు చెప్పి ఉంటాను. ముసలిదాన్ని. ఏ రెండు అని చెప్పానో ఏమో."

దెమిస్సే నోరు తెరిచాడు. అంతలోనే గదిలోకి మతగురువు గురించి అడగడానికి ఎవరో వచ్చారు. ఆయన బయటికి నడిచాడు.

సాయంత్రం సెలామవిత్ ఫోన్ చేసింది. పెద్దవాళ్ళను పిలిచినట్టు ఆయన్ని గాషె అంటుంది.

"గాషె, అంతా మాట్లాడుకుంటున్నారు. మీటే ఆ పని చేసిందంటున్నారు. నాదే తప్పు గాషె. అంత చిన్నగా పెట్టకుండా ఉండాల్సింది. ఈ పూటే తీసేస్తాను. రెండు లెక్కలెందుకని సగం మంది మొదట్నుంచీ అంటూనే ఉన్నారు."

ఒప్పుకుంటే చాలు. సెలామవిత్ రాసిన నాలుగు కోడు వాక్యాల మీద నేరం పడుతుంది, రేపటికి ఆ వాక్యాలు కూడా ఉండవు. దెమిస్సేకు ఆ దారి ఎంత సుఖంగా ఉందో కనబడింది.

"తీయకమ్మా. మీట సరిగ్గానే ఉంది. నేను చూడలేదు. చూడకపోవడం కూడా కాదు, విమానాశ్రయం బేరానికి ఆశపడి ఆమెను ఇంకొకరికి అప్పగించాను. అందరికీ అలాగే చెప్పు, నా పేరు పెట్టి చెప్పు."

"ఎమామాకి తెలుసా గాషె?"

"ఇప్పుడు వెళ్తున్నాను."

ఎమామా ఇంటినిండా నల్లబట్టల ఆడవాళ్ళు. కుర్చీలు చాలక నేలమీద కూర్చున్నారు. ఎమామా ఆయన్ని చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. ఆయన కూర్చుని, తలవంచుకుని, దారంతా కూర్చుకున్న మాటలు మొదలుపెట్టాడు.

"ఎమామా, పొద్దున్న గంట..."

"ముందు తిను. నా కోసం పొద్దున్నుంచీ తిరిగి తిరిగి నువ్వేం తిన్నావు?" ముందున్న పళ్ళెంలోంచి ముద్ద చుట్టి ఆయన నోటికందించింది. దుఃఖంలో ఉన్న మనిషి చేతి గుర్షా. దాన్ని ఎవరు కాదంటారు? దెమిస్సే నోరు తెరిచాడు. ఆమె వేళ్ళకు ఇంకా వేయించిన కాఫీ గింజల వాసన ఉంది. ముద్ద నమలలేక, మింగలేక, కళ్ళ నీళ్ళతో కూర్చున్నాడు. చివరికి ఎలాగో ముద్ద మింగి అన్నాడు:

"గంట తప్పు చెప్పింది మీరు కాదు ఎమామా."

ఆమె ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. "తెలుసు నాయనా. అంతా దేవుడి లెక్క. నువ్వు ఊరికే బాధపడకు" అని, ఓదార్చడానికి వచ్చినవాణ్ణి తనే ఓదార్చింది. ఇంతలో ఇంకో గుంపు శోకాలతో లోపలికొచ్చింది. అందరూ లేచారు. ఆయన కూడా లేచి, ఎవరికీ అడ్డం కాకుండా గోడవారగా బయటికొచ్చాడు. రేపొచ్చి చెప్పాలి అనుకున్నాడు. ఆ ముద్ద గొంతులో అడ్డం ఉన్నంతకాలం చెప్పలేనేమో అని కూడా అనుకున్నాడు.

కారు తలుపు తీయగానే లోపలి దీపం వెలిగింది. వెనక సీట్లో, ఆమె పెట్టిన చోటే, తువ్వాలు చుట్టుకుని, బెల్టు బిగించుకుని, నిండుగా జెబెనా కూర్చుని ఉంది.